శ్రుతి తగ్గిన చోటల్లా

మా నాయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం రోజు ఆయన పద్యాలు మైకులో వెయ్యాలని, తమ్ముడు క్యాసెట్ల సంచీతో మైపాడు నుంచి నెల్లూరులో మా ఇంటికి వచ్చాడు. వెంట అమ్మను కూడా తీసుకొచ్చాడు. నాయన సముద్రం మీద వేటకు పోయేవాడు. ఊళ్ళో నాటకమంటే మాత్రం రాజు వేషం ఆయనదే. ఇంట్లో పద్యం సాధన చేసేటప్పుడు టేప్ రికార్డరు ఆన్ చేసుకునేవాడు. పక్కన కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఆడించే పని అమ్మది.

టేప్ రికార్డరుకు వైరు తగిలించి కంప్యూటరుకు కలిపాను. క్యాసెట్ ఎక్కించడమంటే ఫోటోలు కాపీ చేసినట్టు కాదు. అది తిరిగినంతసేపూ కూర్చుని వినాల్సిందే. మొదట్లో పద్యం బ్రహ్మాండంగా సాగింది. రాగం తీస్తుండగా వెనక శ్రుతి సన్నబడింది. పొద్దంతా ఎండలో చేపలు ఆరబెట్టి వచ్చిన అమ్మకు కునుకు పట్టి ఉంటుంది. రాగం ఆగింది. చెంప మీద దెబ్బ. వెంటనే ఇంకొకటి. చెంబు గోడకు తగిలిన మోత.

"చేతులు పడిపోయినాయా ఏందే నీకు?" అని నాయన అరుపు.

శ్రుతి మళ్ళీ నిండుగా లేచింది. ఆయన ఆపిన చోటనే పద్యం అందుకున్నాడు. ఆ ముక్క చెరిపేయాలని కూడా ఆయనకు తోచలేదు. క్యాసెట్ పొడుగునా ఇదే వరస. కంప్యూటరు తెర మీద శబ్దాన్ని చూపే గీత సన్నబడినప్పుడల్లా చెవులు మూసుకునేదాన్ని.

"దెబ్బలుండే కాడ కోసెయ్ అక్కా. పద్యం మటుకు ఉంచు," అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"కోసేదేందిరా? మొత్తం తగలబెడతా!"

క్యాసెట్ బయటికి లాగి, టేపు వేళ్ళకు చుట్టుకుని బరబరా పీకాను. ఆయన గొంతు పిసుకుతున్నట్టే ఉంది. చెప్పొద్దూ, హాయిగా ఉంది. తమ్ముడు నా చెయ్యి మెలిపెట్టాడు. మోచేత్తో వాడి మూతి మీద పొడిచాను. పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

అంతవరకూ మంచం మీద కూర్చున్న అమ్మ లేచి వచ్చి నా చెంప పగలగొట్టింది. నాకు బుద్ధి తెలిశాక ఆమె ఎవరి మీదా చెయ్యెత్తడం చూడలేదు.

"మీ నాయన పద్యమొకటేనా దాంట్లో ఉండేది? ఆ శ్రుతి నాది! తన్నులు తిని పట్టిన శ్రుతి. నన్నడక్కుండా తెంపేదానికి నువ్వెవరు?"

చెవి గింగురుమంటుంటే నేల మీద కూలబడి టేపు చిక్కు తీయడం మొదలుపెట్టాను. సిగ్గూ కోపమూ కలిసి ఏడుపొచ్చింది. అమ్మ నా నెత్తిమీదే నిలబడి ఉంది.

"ఏదీ కొయ్యొద్దు. ఉండేది ఉన్నట్టే ఎక్కించు," అంది.

తమ్ముడు పెదవికి తువ్వాలు అదుముకుంటూ, "మైకులో ఊరంతా వింటారుమా," అన్నాడు.

"అప్పుడు మాత్రం విన్లేదంట్రా?" అంది అమ్మ.