ఇంకా తేలని గాలి

ఎమ్మెస్సీ జియాలజీ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకు రామన్నపేట దగ్గరి మా ఊరికి వచ్చేసరికి బాపు మంచంలో కూర్చుని దగ్గుతున్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన కంకర మిషన్ దగ్గరే పని చేశాడు. నా హాస్టల్ చదువంతా ఆ దుమ్ములోంచి వచ్చిందే.

"ఇప్పుడు ఏం జెప్తున్నరు బిడ్డా మీకు?" అని అడిగాడు.

నా ఉత్సాహం ఆగలేదు. భూమి పుట్టిన కొత్తలో గాలి ఎట్లా ఉండేదో చెబుతున్నారన్నాను. మీథేన్, అమ్మోనియా నిండి ఉండేవని చాలాకాలం నమ్మారు. అది కాదు, అగ్నిపర్వతాలు కక్కిన కార్బన్ డయాక్సైడ్, నత్రజని ఎక్కువగా ఉండేవని ఇప్పుడు కొందరు వాదిస్తున్నారు. అప్పటి గాలి ఎక్కడా మిగల్లేదు, పాత రాళ్లను చూసి ఊహించాల్సిందే, మన గుట్టల రాయి కూడా అంత పాతది కాదు అని వివరించాను.

"ఇంకా తేలలేదు బాపు" అన్నాను. ఆ మాట అనడం నాకు గొప్పగా ఉండేది. మా ప్రొఫెసర్ కూడా దాన్ని తీరిగ్గా, నవ్వుతూ అనేవారు.

బాపు నవ్వబోయి దగ్గాడు. దిండు కింది నుంచి ఎక్స్‌రే తీసి నా చేతికిచ్చాడు.

"నల్లగొండ దవాఖానల టీబీ అన్నరు. పట్నంల డాక్టరేమో రాతిదుమ్ము పట్టింది అంటున్నడు. టీబీ అయితే గోలీలు మింగి మల్ల పనికి పోవచ్చు. దుమ్మయితే మిషన్ దిక్కే పోవద్దట. భూమి గాలి తేలకుంటే ఎవ్వరికి నష్టం లేదు. నాది తేలాలె గద. చదువుకున్నదానివి, జర చూసి చెప్పు."

ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకున్నాను. తెల్లటి మచ్చలు తప్ప నాకేమీ అర్థం కాలేదు. కానీ మిషన్‌లో పడే మా గుట్టల రాయిలో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఎక్కువని, దాని పొడి ఊపిరితిత్తుల్ని తినేస్తుందని క్లాసులో విన్నాను. అయినా టీబీ అయితే బాగుండునని నా మనసు కోరుకుంది. బాపు పని మానితే నా చదువు ఆ సెలవులతోనే ఆగిపోతుంది. అలా కోరుకున్నందుకు అప్పుడే ఒళ్లంతా సిగ్గుతో కుంచించుకుపోయింది.

"ఇంకో డాక్టరుకు చూపిద్దాం బాపు" అన్నాను, ఆయన వైపు చూడకుండా.

ఆయన మాత్రం నన్నే చూస్తున్నాడు. ఎక్స్‌రేను నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"టీబీయే అయి ఉంటది తీయ్. నువ్వు ఫికర్ జేయకు, పోయి పరీక్షలు రాసుకో" అన్నాడు.

సోమవారం పొద్దున సద్దిగిన్నె పట్టుకుని ఆయన మిషన్‌కు బయలుదేరాడు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. వద్దు బాపు, పోకు అనలేదు.