అబిడ్స్ క్లాసులో గానా స్వాతంత్ర్యం

రాసుకో బిడ్డా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంతం ఏదీ కలపకు.

నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లు టైపిస్టుగా పనిచేశాను. అన్నీ ఇంగ్లీషు ఉత్తరాలే. ఏదైనా స్పెల్లింగు అనుమానమొస్తే ఆఫీసరే వచ్చి నన్నడిగేవాడు. కానీ నోరు తెరిచి ఒక్క ఇంగ్లీషు వాక్యం మాట్లాడింది లేదు. ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే నవ్వి తల దించుకునేదాన్ని. రిటైరయ్యాక కూడా ఆ సిగ్గు పోలేదు. ఇక లాభం లేదని పోయినేడాది అబిడ్స్‌లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసులో చేరాను.

చివర్లో పరీక్ష ఉంటుంది. ఒక కాగితం ఇస్తారు. అందులో ఖాళీలు నింపి, అదే కథ లేచి నిలబడి చెప్పాలి. చెబితే పై బ్యాచ్, లేకపోతే మళ్లీ మొదటి నుంచి. నేను అప్పటికే ఒకసారి తప్పాను. ఈసారి కూడా తప్పితే మానేద్దామనుకున్నాను. ఆ సంగతి ఇంట్లో మీకెవరికీ చెప్పలేదులే.

నా కాగితంలో, ఆఫ్రికాలో గానా అనే దేశానికి తెల్లవాళ్ల నుంచి స్వాతంత్ర్యం ఎలా వచ్చిందో ఉంది. ఏ వాక్యంలో క్రియ ఏ కాలంలో ఉండాలో మనమే ఎంచి రాయాలి. చకచకా నింపేశాను. తీరా లేచి నిలబడ్డానో లేదో, నాలుక అంటుకుపోయింది.

పక్కనే కూర్చున్న కాలేజీ పిల్ల నా కొంగు లాగింది. "ఆంటీ, షురూ చెయ్యుండ్రి! టైపు కొట్టినట్టే రాసిన్రు గదా, గట్లనే చెప్పుండ్రి."

రెండు చేతులూ ముందున్న బల్ల మీద పెట్టాను. వేళ్లు వాటంతటవే కదిలాయి. వాటి వెంటే ఇంగ్లీషు మాటలు వచ్చాయి.

"ఏం జేస్తున్నరమ్మా?" అంది టీచరు. నాకంటే నలభై ఏళ్లు చిన్నది.

"టైపు కొడుతున్న మేడమ్, జర ఆగుండ్రి."

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఆగలేదు.

మా దేశాన్ని మేమే ఏలుకుంటామని గానా వాళ్లు అడిగారు. ఇప్పుడే కాదు, ఆగమన్నారు తెల్లవాళ్లు. ఆ జవాబు నాకేమన్నా కొత్తా? 'మీ అర్జీ పరిశీలనలో ఉన్నది' అని ఎన్నివేల సార్లు కొట్టి ఉంటానో! ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ముసలివాళ్లను రోజూ చూసేదాన్ని. అందుకే గానా నాకు పరాయి దేశం అనిపించలేదు. వాళ్ల నాయకుణ్ణి జైల్లో పెడితే, జైల్లో ఉండగానే ఓట్లేసి గెలిపించారట! అది చెప్పేటప్పుడు నా గొంతు ఎంత పెరిగిందంటే, పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

చివరి వాక్యానికి వచ్చేసరికి చేతులు బల్ల మీద లేవు. "దే డిడ్ నాట్ సిట్ ఆన్ ద స్టెప్స్. దే బికేమ్ ఫ్రీ!" అన్నాను.

టీచరు కాగితం తిప్పి చూసింది. "మెట్ల ముచ్చట దీంట్ల లేదు గదమ్మా?"

"లేదు మేడమ్. అది నాదే."

ఆ పిల్ల ఈల వేసింది. టీచరు నా పేరు పై బ్యాచ్‌లో రాసుకుంటూ, పొద్దున వస్తారా, సాయంత్రం వస్తారా అని ఇంగ్లీషులోనే అడిగింది.

"మార్నింగ్, ప్లీజ్. ఐ హావ్ వర్క్ ఇన్ ద ఈవెనింగ్."

సాయంత్రం నాకే పనీ లేదు. ఇంకో వాక్యం మాట్లాడాలనిపించింది, అంతే.