భీమ్లాకు ఎనిమిదో నెల

నెల్లికుదురు అవతల, రోడ్డు పక్క తండాలో ఉండే భీమ్లాకు రెండు ఆస్తులు. ఒకటి ఎకరన్నర పత్తి చేను. రెండోది గొంతు. చేను సంగతి వానకు వదిలేశాడు. గొంతు మాత్రం ఏ కాలంలోనైనా పండేది. అతను ఇంటి ముందు నిలబడి తన మేకను పిలిస్తే, పక్క తండా మేకలు కూడా తలలెత్తి పోవాలా వద్దా అని ఆలోచించేవి.

2011లో తెలంగాణ ఉద్యమం పెరిగి సకల జనుల సమ్మె దాకా వచ్చేసరికి ఆ గొంతుకు గిరాకీ పెరిగింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తింటున్నారు. మైకు లేని చోటికి భీమ్లాను బండి మీద ఎక్కించుకుపోయేవాళ్లు. మైకు ఉన్న చోటికీ తీసుకుపోయేవాళ్లు, కరెంటు పోతే పనికొస్తాడని.

సమ్మె మొదలైన మూడో రోజున కోడలు విజయకు బీపీ పెరిగింది. వరంగల్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఏడో నెల నిండి వారమే అయింది. ఆడపిల్ల, పదమూడు వందల గ్రాములు. కొడుకు రమేశ్ పుణెలో తాపీ పనిలో ఉన్నాడు. మేస్త్రీ సెలవివ్వలేదు. రోజూ ఫోన్ చేసి ఏడ్చేవాడు. భీమ్లా, అతని భార్య మంగ్లీ మూడు వారాలు దవాఖాన వరండాలోనే ఉన్నారు.

పిల్ల అద్దాల పెట్టెలో నుంచి బయటికొచ్చేసరికి పదహారు వందల గ్రాములు తూగింది. ఇంటికి పంపే రోజు నర్సు స్రవంతి ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది.

“చూడు బాపు, కడుపుల పిల్లకు కొవ్వు పట్టేది ఆఖరి రెండు నెలలే. ఈ పిల్ల ఆ రెండు నెలలు ఎగ్గొట్టి వచ్చింది. తోలు కింద ఏం లేదు. ఒంట్ల వేడి నిలవదు. తాగిన పాలన్నీ వేడికే ఖర్చయితే ఇంక పెరిగేదెప్పుడు? నవంబర్ల పుట్టాల్సిన పిల్ల. అప్పటిదాక కడుపుల ఉన్నట్టే చూసుకోవాలె.”

“అంటే ఇంక పుట్టలేదన్నట్టా?” అన్నాడు భీమ్లా. మామూలుగానే అన్నాడు. వార్డులో నలుగురు పిల్లలు లేచి ఏడ్చారు.

“ఒక లెక్కల పుట్టలేదనుకో. జర మెల్లగ మాట్లాడు. ఛాతీ మీద బట్ట లేకుంట, తోలుకు తోలు తగిలేటట్టు కట్టుకోవాలె. పొద్దుమాపు. తల్లికి కుట్లు మానలే, ఆమె కొంతసేపే మోస్తది. మిగతా టైం ఎవరు?”

మంగ్లీ వైపు చూశారు. ఆమె రవిక నిండా అద్దాలు, బిళ్లలు, పూసలు. మెడ నిండా వెండి. పిల్లను వాటి మీద పెడితే గుడ్డు పెంకును గరగర రుద్దినట్టే.

“పెండ్లైన కాడి సంది తియ్యలె. ఇప్పుడు తియ్య” అంది మంగ్లీ.

మిగిలింది భీమ్లా ఛాతీ. నర్సు దాన్ని సబ్బుతో రెండుసార్లు కడిగించి, పిల్లను కప్పపిల్లలాగా బోర్లా పెట్టి, గుడ్డతో కట్టి, పైన దుప్పటి కప్పింది. అరవై రెండేళ్ల వయసులో భీమ్లాకు ఎనిమిదో నెల పడింది.

ఇంటికి జీపులో వస్తుంటే తొర్రూరు దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గంజులు, వంద మంది జనం. డప్పు కొడుతున్న కుర్రాళ్లు భీమ్లాను గుర్తుపట్టారు. అందులో కుమార్ అనే డిగ్రీ పిలగాడు జీపులోకి తల పెట్టాడు.

“అరె, మన మైకు బాపు! దిగు, ఒక్క నినాదం కొట్టి పో.”

భీమ్లా కదల్లేదు. పెదవులు మాత్రం కదిలించి, “జై తెలంగాణ” అన్నాడు.

“గొంతు పోయిందా బాపు?”

“పోలె. పిల్ల పండుకున్నది.”

కుమార్ దుప్పటి అంచు ఎత్తి చూశాడు. పిడికిలంత తల. వెనక్కి తిరిగి డప్పు ఆపమని చెయ్యి ఊపాడు. జీపు దాటేదాకా వంద మంది నోరు మూసుకున్నారు. పొయ్యి మీద సాంబారు ఒక్కటే ఉడికింది.

తండాలో ఆడవాళ్లు మాత్రం నోరు మూసుకోలేదు. భీమ్లా ఒక చెయ్యి నడుముకు పెట్టుకుని, మెల్లగా అడుగులు వేస్తూ వాకిట్లో తిరుగుతుంటే, చెల్లెలు సోమ్లీ ఎదురింటి నుంచి అడిగేది.

“అన్నా, వేవిళ్లు తగ్గినయా? పుల్లటిది ఏమన్న తినబుద్ధి అయితుందా?”

“చింతకాయ తెచ్చిపెట్టు” అనేవాడు భీమ్లా. నిజంగానే తెచ్చింది. నిజంగానే తిన్నాడు.

వారానికొకసారి పిల్ల బరువు చూడాలి. వారంలో నూట యాభై గ్రాములు పెరగాలి. పెరక్కపోతే వెంటనే వరంగల్ తీసుకురావాలి. ఇది డాక్టరు మాట. బరువు చూడాల్సిన ఆశ వర్కర్ అఖిల నాలుగు ఊళ్ల అవతల ఉంది. బస్సులు లేవు. “నేను వచ్చేదాక ఎక్కడన్న తూపిచ్చి ఫోన్ల చెప్పు బాపు” అంది.

సోమవారం భీమ్లా పిల్లను నెల్లికుదురులో యోసేపు కిరాణా దుకాణానికి తీసుకుపోయాడు. యోసేపు తక్కెడలో ఒక పక్క మెత్తటి చీర ముక్క పరిచి పిల్లను పెట్టాడు, రెండో పక్క రాళ్లు వేశాడు.

“పదిహేడు వందల అరవై” అన్నాడు. తర్వాత కొంచెం ఆలోచించి, “బాపు, నా దుకాణంల ఏం తూచినా గిట్ల మోగలె” అన్నాడు.

భీమ్లా ఆ మాట పట్టించుకోలేదు. నూట అరవై పెరిగింది! ఆ సంతోషంలో మధ్యాహ్నాలు పిల్లను నులక మంచం మీద గుడ్డలో చుట్టి పడుకోబెట్టి, రోడ్డు మీదికి పోయి గొంతు తీరా అరిచి వచ్చేవాడు. చాలా రోజులుగా లోపల దాచిపెట్టిన అరుపులు మరి. మంగ్లీ కూడా తన పాత పద్ధతిలో పడింది. రోజూ పిల్లకు నూనె రాసి, నీళ్లు పోసింది. రెండో సోమవారం పిల్ల పంతొమ్మిది వందల ఇరవై తూగింది. ఫోన్లో అఖిల “శభాష్ బాపు” అంది.

బుధవారం అఖిల ఎవరిదో సైకిల్ అడుక్కుని వచ్చింది. స్ప్రింగు కాటా దూలానికి వేలాడదీసి, పిల్ల మీది గుడ్డలు విప్పింది. విప్పి, అట్లాగే నిలబడింది.

నడుముకు వెండి మొలతాడు, అది మంగ్లీ పెట్టింది. కాళ్లకు గజ్జెలు, అవి సోమ్లీవి. చిల్లు పెట్టిన పాత రూపాయి బిళ్లలు నాలుగు, గవ్వల దండ ఒకటి, దర్గా తాయెత్తులు రెండు. యోసేపు భార్య ఇచ్చిన ఇత్తడి సిలువ ఒకటి. దిష్టి తగలకుండా తండాలో ఎవరొచ్చినా ఒకటి కట్టి పోయారు. వారం వారం పెరిగింది అవే.

అన్నీ తీసేసి తూచింది. పదహారు వందల నలభై.

విజయ గోడ వైపు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది.

“పన్నెండు రోజులకు నలభై గ్రాములు” అంది అఖిల. పిల్ల పాదం పట్టుకుని చూసింది. “చల్లగున్నది. రోజూ నీళ్లు పోస్తున్నరా?”

“పిల్లకు నీళ్లు పొయ్యకుంట ఎట్ల?” అంది మంగ్లీ.

“మధ్యాహ్నం ఎవరు మోస్తున్నరు?”

భీమ్లా తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

అఖిల బయటికిపోయి డాక్టరుతో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. వచ్చి చెప్పింది. “పాలు గుంజేటందుకే పిల్ల అలసిపోతున్నది. విజయక్కా, పాలు పిండి రెండు గంటలకోసారి ఉగ్గుగిన్నెతోని పట్టు. నీళ్లు పోసుడు బంద్. పిల్ల ఛాతీ మీదికెళ్లి దిగొద్దు. ఆదివారం వస్త. ఎనభై గ్రాములు పెరగాలె. లేకుంటే అద్దాల పెట్టెకే. నడుమ పాలు తాగుడు బంద్ చేసినా, ఒళ్లు చల్లబడ్డా ఆదివారం దాక ఆగొద్దు, నూట ఎనిమిదికి కొట్టు.”

పిల్లకు తీసేసిన సొమ్ములన్నీ మంగ్లీ ఒక మూటలో కట్టి దూలానికి వేలాడదీసింది. “దిష్టి అక్కడ్నుంచి కూడ ఆపుతది” అంది. ఎవరూ కాదనలేదు.

భీమ్లా నాలుగు రోజులు మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. విజయ మోసే కాసేపట్లోనే తిండీ, స్నానమూ. మిగతా అంతా పిల్లతోనే. ఇంత దగ్గరగా ఎవరినీ ఎప్పుడూ చూడలేదు అతను, సొంత కొడుకును కూడా. పిల్ల భుజాల మీద నూగు ఉంది. చెవులు కాగితం లాగా వంగిపోయేవి. ఊపిరి ఒక్కోసారి ఆగినట్టే ఉండి, భీమ్లా ఊపిరి పోయేలోపు మళ్లీ కదిలేది.

శుక్రవారం కుమార్ పదిమందితో వచ్చాడు. “బాపు, రేపు మానుకోటల పెద్ద మీటింగు. నువ్వు లేకుంటే ఎట్ల?”

“నేను రాను” అన్నాడు భీమ్లా, దోమ మాట్లాడినట్టు.

“ఎందుకు రావు?” కుమార్ కూడా తెలియకుండానే గొంతు తగ్గించాడు.

“మోస్తున్న.”

“తెలంగాణ కంటే ఎక్కువనా బాపు?” అన్నాడు వెనకున్నవాడు, అతనూ గుసగుసగానే.

“తెలంగాణ ఎంత తూగుతదో నాకు తెల్వది. ఇది పదహారు వందల నలభై.”

పదకొండు మంది ఆ వాకిట్లో గుసగుసగా ఒక నినాదం ఇచ్చి, గుసగుసగా జవాబు చెప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పోయారు.

ఆదివారం అఖిల వచ్చింది. ప్రార్థన అయిపోగానే యోసేపు కూడా వచ్చాడు, తన తక్కెడ పరువు సంగతి తేల్చుకోవడానికి. పిల్లను ఒట్టి ఒంటితో కాటాకు వేలాడదీశారు. ముల్లు ఊగింది, ఊగింది, ఆగింది. భీమ్లా చూడలేదు. మంగ్లీ ముఖం చూశాడు, ఆమెకు అంకెలు రావని మరిచిపోయి.

“పదిహేడు వందల ముప్పై” అంది అఖిల. పిల్ల తొడను రెండు వేళ్లతో సుతారంగా పట్టి చూసింది. “ఇగో, ఇక్కడ మడత పడబోతున్నది. ఇది వెండి కాదు బాపు, పిల్లదే.”

భీమ్లా నోరు తెరిచాడు. మూశాడు. పిల్లను విజయ ఛాతీ మీద పెట్టి, దుప్పటి సరిచేసి బయటికి నడిచాడు. వాకిలి దాటాడు, తండా దాటాడు, పత్తి చేను ఆ చివరికి పోయాడు. చాలు దూరం అనుకున్నాక రోడ్డు వైపు తిరిగి ఛాతీ నిండా గాలి పీల్చాడు.

“పదిహేడు వందల ముప్పై!”

రోడ్డు మీద పొయ్యిల దగ్గరున్న జనానికి అదేం నినాదమో తెలియలేదు. గొంతు తెలుసు. అందరూ ఒక్కసారిగా “జై తెలంగాణ” అన్నారు. రెండు తండాల మేకలు తలలెత్తాయి.

ఇంట్లో పిల్ల ఉలిక్కిపడి, రెండు చేతులూ గాల్లోకి చాపి, విజయ రవిక పట్టుకుంది. విజయ కంగారుగా చూసింది.

“ఏం కాదక్కా” అంది అఖిల. నెలలు నిండని పిల్లలకు వినికిడి కూడా చూడాలని ఆమె కాగితంలో ఒక గడి ఉంది. ఆ పరీక్ష ఎట్లా చేయించాలా అని వారం నుంచి ఆలోచిస్తోంది. కలం తీసి ఆ గడిలో ‘శబ్దానికి ఉలికిపడింది’ అని రాసి, ఎంత దూరం నుంచి అన్న చోట కిటికీలోంచి చేను వైపు చూసి, అర కిలోమీటరు అని వేసింది.