నాలుగా, పదా?

ఎనభైల చివర్లో తైచుంగ్ విమానాల కర్మాగారంలో సు-లియెన్‌ను అందరూ పిరికిది అనేవారు. ఆమె కాదనేది కాదు. బిగించిన మరనే మళ్ళీ తడిమి చూసుకునేది, ఇంటికెళ్ళాక నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నట్టే. దేశం సొంతంగా తయారుచేసుకుంటున్న ఆ చిన్న యుద్ధవిమానం కూడా ఆమెకు పొత్తిళ్ళలో బిడ్డలాగే కనిపించేది. ఎప్పుడు ఊపిరి ఆగిపోతుందో అని భయం.

ఆ ఉదయం తోకలో కొత్తగా ఒక కొలత యంత్రం అమర్చారు. తోక బరువెక్కితే గాల్లో ముక్కు పైకి లేచి విమానం పట్టు తప్పుతుంది. అందుకని ముక్కులో సీసపు పలకలు వేయాలి. ఇంజనీరు త్సెంగ్ లెక్క కట్టి, ఎన్ని వేయాలో హెడ్‌ఫోన్‌లో చెప్పాడు. ముక్కు గూట్లో దూరి ఉన్న సు-లియెన్ నాలుగు బిగించింది. తనిఖీ చేసినాయన మరలు గట్టిగా ఉన్నాయా అని మాత్రం చూశాడు. మూత పడింది.

నడపబోయే మేజర్ ఫాన్ నిచ్చెన ఎక్కుతూ, "ఏమ్మా, పాపకి పళ్ళొచ్చాయా?" అన్నాడు.

"రెండొచ్చాయి సార్. కరుస్తోంది."

"పర్లేదే, నీ పోలిక రాలేదు!"

ఇంజిన్ అందుకుంది. అప్పుడు తట్టింది ఆమెకు. వాళ్ళ భాషలో నాలుగుని "స్సు" అనాలి, పదిని "షు" అనాలి. త్సెంగ్‌ది దక్షిణాది నోరు, ష పలకదు, రెండూ "స్సు"లే. గొంతు దిగితే నాలుగు, లేస్తే పది. అందుకే అక్కడ పది అన్నప్పుడల్లా రెండు చూపుడువేళ్ళూ ఒకదానిమీద ఒకటి అడ్డంగా పెట్టి చూపిస్తారు. గూట్లోంచి ఆమెకు అతని వేళ్ళు కనపడలేదు. జనరేటర్ హోరులో గొంతు దిగిందో, లేచిందో!

లో అనే పెద్ద మేస్త్రీ చెయ్యి పట్టుకుంది. "లో అన్నా, ఆపించు," అంది.

"మళ్ళీ మొదలెట్టావా? అక్కడ జనరల్‌గారు కూర్చుని చూస్తున్నారే తల్లీ! ఏమీ లేదని తేలితే ఇద్దరం ఇంటికే."

నిజంగా నాలుగే అని ఉంటే? విమానం కదిలింది. ఆమె పరిగెత్తింది. ఎదురుగా నిలబడి, రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టింది. ఆగమని సైగ. కళ్ళు గట్టిగా మూసుకుంది.

హోరు తగ్గింది.

త్సెంగ్ రొప్పుతూ వచ్చాడు. "పిచ్చెక్కిందా అక్కా నీకు?"

"నాలుగన్నావా, పదన్నావా?"

అతని ముఖం పాలిపోయింది. "నువ్వెన్ని వేశావు?"

ఆమె నాలుగు వేళ్ళు చూపించింది. త్సెంగ్ అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

మిగతా పలకలు వేశాక, మధ్యాహ్నం విమానం లేచింది. అందరూ తలెత్తి చప్పట్లు కొట్టారు.

"చూడవే, ఎంత బాగా పోతోందో! నీ పుణ్యమే," అన్నాడు మేస్త్రీ.

సు-లియెన్ షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుంది. తల ఎత్తలేదు. ఇదొకటి గుర్తొచ్చింది సరే, గుర్తుకు రానివి ఇంకెన్ని బిగించిందో! ఒక్కో మరా తలుచుకుంటూనే ఉంది. చక్రాలు నేలకు తాకాయని మేస్త్రీ అరిచినా లేవలేకపోయింది.