అన్ని గదుల్లో ఒకటే చప్పుడు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. తర్వాత నవ్వు రాదు. మా అక్క మీద ఒట్టు... ఇది నిజంగా జరిగింది. చచ్చిపోయిన మనిషి మీద ఒట్టేమిటంటారా? అబద్ధమైతే వచ్చి నన్ను అడగాల్సింది ఆవిడే. అందుకే ఆవిడ మీద వేశాను.

మాచ్‌ఖండ్ కరెంటు వచ్చిన కొత్త. రాయగడ బజారులో నాకు మైకుసెట్టు కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి మైకు కట్టేవాణ్ణి, రేడియోలు బాగుచేసేవాణ్ణి. మా బావ కోరాపుట్‌లో ఉండేవాడు. ఎస్టేటులో పెద్ద ఉద్యోగం చేసిన మనిషి. ఎస్టేటు పోయింది గానీ ఆ దర్జా పోలేదు.

మా సుందరక్కని ఇచ్చింది ఆయనకే. ఒక వానాకాలంలో అక్క పోయింది. అంతా అయిపోయాక గానీ మాకు కబురు రాలేదు. జ్వరం అన్నాడు. దార్లు బాగులేక మనిషిని పంపలేదన్నాడు. సరేనని ఊరుకున్నాం. నా కడుపులో మంట మాత్రం ఆరలేదు.

ఏడాది తిరక్కుండానే ఆయన దగ్గర్నుంచి పిలుపు. రెండో పెళ్ళి!

"ఏ గదిలో కూకున్నా పాట ఇనపడాల సత్యం. పెళ్ళికూతురు అడుగెట్టగానే ఇల్లంతా సన్నాయి మోగాల. నీకంటే నాకెవుడున్నాడురా?" అని మనిషి చేత చెప్పించాడు.

చూశారా? పోయిన పెళ్ళాం తమ్ముణ్ణి పిలిచి, రెండో పెళ్ళికి సన్నాయి మోగించమన్నాడు. అందులో తప్పేమిటో ఆయనకి తోచనే లేదు. అయినా వెళ్ళాను. అక్క ఎలా పోయిందో తెలుసుకుందామని వెళ్ళాను. తెలిశాక ఆయన్ని ఊరికే వదలకూడదని కూడా.

హాల్లో యాంప్లిఫయరు, పక్కన రికార్డులు వేసే మిషను పెట్టాను. హాలుకి ఒక స్పీకరు, పడకగదికి ఒకటి, భోజనాల గదికి ఒకటి, వెనక వరండాకి ఒకటి. దూలాల వెంబడి తీగ లాక్కుంటూ వెళ్ళాను. వరండా చివర ఒక గదికి తాళం వేసి ఉంది. దానికీ ఒకటి పెట్టనా అని అడిగాను.

"దానికొద్దు. అక్కడ ఇనీవోళ్ళు ఎవరున్నారు?" అన్నాడు బావ.

అది అక్క చివరిరోజుల్లో పడుకున్న గది.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, వంటమనిషి పైడమ్మ నాకు కాఫీ తెచ్చింది. ముసలిది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"జొరం ఏటి బాబూ! అమ్మగోరికి పచ్చవాతం వచ్చీసింది. మాట పడిపోనాది. ఏటైనా కావాలంటే గళాసుతో మంచం మీద కొట్టీవోరు. ఇనప మంచం... ఇల్లంతా ఇనపడీది."

"మరి బావ?"

"ఆ సప్పుడంటే అయ్యగోరికి సిరాకు. పాటల పెట్టి గట్టిగా ఎట్టీసి తలుపు మూసీవోరు. నన్నూ ఎల్లనిచ్చీవోరు కాదు. ఎల్తే అలవాటయిపోద్దనీవోరు. ఒక రేతిరి అలా కొట్టి... కొట్టి... తెల్లారేసరికి సప్పుడు నేదు బాబూ."

ఆ తీగతోనే ఆయన మెడ బిగించేద్దామా అనిపించింది. నిజం. కానీ నిచ్చెన ఎక్కి మిగిలిన మేకులు కొట్టాను. ప్రతి మేకూ ఆయన నెత్తిన కొడుతున్నట్టే కొట్టాను.

చీకటి పడేసరికి వాన పట్టింది. బావ భోజనానికి కూర్చున్నాడు. పైడమ్మ వడ్డిస్తోంది. హాల్లోంచి ఇద్దరూ నాకు కనపడుతూనే ఉన్నారు.

"ఏదీ, ఎట్టు సూద్దాం!" అని కేకేశాడు.

స్విచ్చి వేశాను. యాంప్లిఫయరులో గాజు వాల్వులు వేడెక్కడానికి కాస్త సేపు పడుతుంది... మెల్లగా ఎర్రబడ్డాయి. కాలిన దుమ్ము వాసన. నాలుగు స్పీకర్లలోనూ సన్నగా... గుయ్‌య్‌... సన్నాయి రికార్డు ఇంకా నా చేతిలోనే ఉంది. పెట్టనే లేదు.

టంగ్...

వాన చినుకేమో అనుకున్నాను.

టంగ్... టంగ్...

ఇనుము మీద గళాసు. హాల్లో. పడకగదిలో. భోజనాల గదిలో. వరండాలో. ఒకేసారి. రెండు దెబ్బలు... కాస్త ఆగడం... మళ్ళీ ఒకటి. చెయ్యి నొప్పెట్టి ఆగినట్టు. మళ్ళీ ఓపిక తెచ్చుకున్నట్టు...

పైడమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. బావ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది.

"ఏటిరా అది?"

లేచాడు. ఎంగిలి చేత్తోనే పడకగదిలోకి వెళ్ళాడు. అక్కడా అదే. వరండాలోకి పరిగెత్తాడు. అక్కడా అదే. ఎక్కడికి పోతాడు? ఏ గదిలో కూర్చున్నా వినపడేలా కట్టమన్నది ఆయనే కదా!

"ఆపు సత్యం! ఆపీరా!"

నా వేళ్ళు సౌండు నాబు మీదే ఉన్నాయి. ఎడమకి తిప్పితే ఆగిపోతుంది. భయమా అంటే... చచ్చేంత భయం.

కుడికి తిప్పాను.

టంగ్!... టంగ్!... కిటికీ అద్దాలు అదిరాయి. బావ చెవులు మూసుకుని వరండాలో కూలబడ్డాడు. నాకు హాయిగా ఉంది. అంత భయంలోనూ హాయిగానే ఉంది. ఇంకా తిప్పాను.

అప్పుడు... ఆ తాళం వేసిన తలుపు వైపు పాక్కుంటూ వెళ్ళాడాయన. మొలతాడుకున్న తాళంచెవి తీశాడు. రెండుసార్లు జారవిడిచాడు.

"వస్తన్నాను... సుందరీ... వస్తన్నానే!"

ఆగిపోయింది.

ఉత్త గుయ్‌య్... అంతే. బయట వాన.

దీపం పట్టుకుని వెళ్ళి, ఆయన తెరిచిన తలుపులోంచి చూశాను. ఖాళీ గది. ఆ ఇనప మంచం ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారట. నేల మీద దుమ్ము. అందులో మనిషి అడుగన్నది లేదు. గుమ్మంలో బావ బోర్లా పడి ఏడుస్తున్నాడు. నేను లేపలేదు. పైడమ్మే లేపింది.

మర్నాడు పొద్దున్నే పెళ్ళి వద్దని ఆయనే కబురు పంపించేశాడు. "ఇయన్నీ పీకి తీసుకుపోరా" అని నన్ను బతిమాలాడు.

"స్పీకర్లు ఉండనీండి బావగారూ" అని బస్సెక్కేశాను.

వాల్వు లూజై ఉంటుంది, చిన్న కుదుపుకే గంటలా మోగుతుంది అంటారు. నాకు తెలియదా? నేనూ మెకానిక్కునే. యాంప్లిఫయరు నాదే, దాన్ని వెంట తెచ్చేశాను. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళకి కట్టానో. తట్టి చూశాను, కుదిపి చూశాను. ఒక్కసారి కూడా అలా మోగలేదు.

అక్కే అంటే... ఒకటి నాకు అంతుపట్టదు. అంత చేసినవాణ్ణి, "వస్తన్నాను" అన్న ఒక్క మాటకే వదిలేసిందేం? ఆ రాత్రి ఆవిడకి కావలసింది అంతేనా? ఆ మాటతో ఆవిడ ఊరుకుంది.

నా చెయ్యి మాత్రం అప్పటికీ నాబుని కుడికే తిప్పుతూ ఉంది.