మట్టి తీయనన్నాను

ఈ రోజు హోసూరులో విద్యా నిపుణులకు వర్క్‌షాప్ నడిపాను. రేపటి బడి ఎలా ఉండాలో ఊహించి, బంకమట్టితో చేసి చూపమన్నాను. కృష్ణగిరి నుంచి వచ్చిన రిటైర్డ్ ప్రిన్సిపాల్ ఒకాయన మండిపడ్డారు.

"ఏమమ్మా, మట్టి పిసికేదానికా నేను అంత దూరం నుంచి వచ్చినాను? మైకు యాడ?"

"మైకు లేదు సార్. ఈడ అందరూ మట్టి పట్టాల్సిందే."

ఆయన లేచి వెళ్లిపోయారు. మట్టి తీయించి ఉపన్యాసాలు పెట్టమని నిర్వాహకులు నా చెవిలో గొణిగారు. తీయనన్నాను. మిగిలినవాళ్లు సాయంత్రం దాకా కూర్చుని, హెడ్మాస్టరు గది లేని బడి ఒకటి కట్టారు. అది సరా కాదా అని గట్టిగా పోట్లాడుకున్నారు కూడా. నాకు కావలసింది ఆ పోట్లాటే.

ఇకమీదట నన్ను పిలవరట. పోనీయండి, సూళగిరిలో మా ఇంటి వసారాలోనే పెడతాను. మీలో ఎవరెవరు వస్తారో చెప్పండి.