నల్ల దుప్పటి ఎలుగత్త

తొంభైల్లో మాట. మాది ముంచింగిపుట్టు దగ్గర కొండ పల్లె. ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లారగట్ల మంచులో బుట్ట పట్టుకెళ్లేసరికి, చెట్టు కింద మా అత్త నల్ల దుప్పటి కప్పుకొని, వంగి పువ్వులేరుతోంది.

“అత్తా, ఇంత బేగి వచ్చేసావేటి?” అంటూ దగ్గరకెళ్లాను.

లేచి నిలబడింది. ఎలుగుబంటి! ఒక్క దెబ్బతో నా చెంప చీరేసింది. నా వెనకాలే వస్తున్న అసలు అత్త గొడ్డలెత్తింది. అది కూలేదాకా నరుకుతూనే ఉంది. రాలిన పువ్వులన్నీ నెత్తురే.

ఇప్పుడు నేను టీచర్ని, పిల్లలకు జంతువుల కథలు రాస్తాను. నా కథల్లో పువ్వులేరే ఎలుగత్తంటే వాళ్లకి ప్రాణం. “దానికి ఎప్పుడూ గ్లౌజులెందుకు టీచర్?” అని అడుగుతారు.

చెంప మీది గీతలు తడుముకుని, “మన కొండల్లో సలి ఎక్కువ కదా!” అంటాను.